యుద్ధకాలంలో విదేశీయుల బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసినప్పుడు ఆ సొమ్ము ఎవరిది?

గోదావరి_చదువరి (ప్రశ్న):

యుక్రెయిన్ మీద దాడి జరిగిన కొద్ది రోజులకే, 2022లో, రష్యా కేంద్ర బ్యాంకుకు పాశ్చాత్య దేశాల్లో ఉన్న సుమారు 30,000 కోట్ల డాలర్ల నిల్వలను కదలకుండా నిలిపివేశారు. ఇటువంటి చర్యకు పూర్వరూపం ఎక్కడ ఉందని వెతుకుతూ రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికా ఉత్తర్వుల దాకా వచ్చాను. 1940 ఏప్రిల్ 9న జర్మనీ సేనలు డెన్మార్క్, నార్వేలలో ప్రవేశించాయి. మరునాడే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 8389 సంఖ్య గల కార్యనిర్వాహక ఉత్తర్వును జారీ చేసి, ఆ రెండు దేశాల ప్రభుత్వాలకూ పౌరులకూ అమెరికాలో ఉన్న బ్యాంకు నిల్వలను, బంగారాన్ని, సెక్యూరిటీలను (షేర్లు, బాండ్ల వంటి పత్రాలను) అనుమతి లేకుండా ఎవరూ తాకరాదని ఆదేశించారు.

నాకు అర్థం కానిది ఇది. డెన్మార్క్, నార్వే దాడికి గురైన దేశాలు. దాడి చేసిన జర్మనీ ఖాతాలను ముట్టుకోకుండా, బాధిత దేశాల ఖాతాలను ముందుగా బంధించడంలోని ఉద్దేశం ఏమిటి? అప్పటికి అమెరికా యుద్ధంలోనే లేదు కదా, పరదేశీయుల సొమ్ము మీద అధ్యక్షుడికి ఆ అధికారం ఏ చట్టం నుంచి వచ్చింది? అన్నిటికంటే ముఖ్యంగా, అలా స్తంభింపజేసిన ఖాతా మీద యజమాని హక్కు నిలిచి ఉంటుందా? యుద్ధం ముగిశాక ఆ సొమ్ము నిజంగా యజమానుల చేతికి తిరిగి వెళ్లిందా? ఈ విషయం చదివినవారు వివరంగా చెప్పగలిగితే కృతజ్ఞుడనై ఉంటాను.

ఖాతాపుస్తకం:

మీ మొదటి సందేహానికి సమాధానం 1939 మార్చిలో ఉంది. ఆ నెలలో జర్మనీ ప్రాగ్‌ను ఆక్రమించగానే, చెకోస్లొవాకియా జాతీయ బ్యాంకు అధికారుల చేత బలవంతంగా ఒక ఆదేశం మీద సంతకం చేయించారు. బాసెల్‌లోని అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు పేరున బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో భద్రపరచిన సుమారు 23 టన్నుల చెక్ బంగారాన్ని జర్మనీ కేంద్ర బ్యాంకైన రైక్స్‌బ్యాంక్ ఖాతాకు మార్చాలన్నది ఆ ఆదేశం. కాగితం మీద అది ఖాతాదారు స్వయంగా ఇచ్చిన సక్రమమైన ఆదేశమే. అందుచేత లండన్‌లో ఆ బదిలీ జరిగిపోయింది. బ్రిటిష్ పార్లమెంటులో దాని మీద పెద్ద దుమారం రేగినా, బంగారం అప్పటికే చేతులు మారింది. తుపాకీ నీడలో పెట్టిన సంతకాన్ని దూరదేశంలోని బ్యాంకు గుర్తుపట్టలేదన్న పాఠం అమెరికా ఖజానా శాఖకు ఇక్కడే బోధపడింది.

కనుక 1940 ఏప్రిల్‌లో అసలు భయం డేన్లూ నార్వేజియన్లూ తమ సొమ్మును ఏమి చేసుకుంటారోనని కాదు. కోపెన్‌హేగన్‌లోనో ఆస్లోలోనో జర్మన్ అధికారి ఎదుట కూర్చున్న ఖాతాదారు చేత న్యూయార్క్ బ్యాంకుకు ఎటువంటి తంతి పంపిస్తారోనన్నదే ఆ భయం. ఉత్తర్వును దాడికి ముందు రోజైన ఏప్రిల్ 8 నుంచి వర్తించేలా రాయడానికి కారణం కూడా అదే. ఆ తేదీన గానీ ఆ తరువాత గానీ ఆ దేశాలకో వాటి జాతీయులకో ఏ విధమైన ప్రయోజనం ఉన్న ఆస్తి అయినా దాని పరిధిలోకి వచ్చింది.

అధికారం విషయానికి వస్తే, దాని మూలం 1917 నాటి శత్రువుతో వ్యాపార నిషేధ చట్టంలోని 5(బి) విభాగం. మొదటి ప్రపంచ యుద్ధం కోసం చేసిన ఈ చట్టం ప్రకారం, విదేశ మారకపు లావాదేవీల మీద అధ్యక్షుడి అధికారం యుద్ధకాలానికే పరిమితం. 1933 మార్చిలో బ్యాంకుల దివాళా సంక్షోభం ముంచుకొచ్చినప్పుడు రూజ్‌వెల్ట్ ఇదే విభాగాన్ని ఆధారం చేసుకుని దేశమంతటా బ్యాంకులకు సెలవు ప్రకటించారు. మూడు రోజుల తరువాత, మార్చి 9న, కాంగ్రెస్ ఆ చర్యను సమర్థిస్తూ, అధ్యక్షుడు ప్రకటించే ఏ జాతీయ అత్యవసర పరిస్థితికైనా ఆ విభాగం వర్తించేలా సవరించింది. దేశీయ బ్యాంకులను కాపాడటానికి చేర్చిన ఆ కొద్ది మాటలే ఏడేళ్ల తరువాత విదేశీ ఖాతాలకు సంకెళ్లయ్యాయి. అయినా సెక్యూరిటీల వంటి ఆస్తులకు ఆ అధికారం విస్తరిస్తుందా అన్న శంక మిగిలి ఉండటంతో, 1940 మే 7న కాంగ్రెస్ ఉమ్మడి తీర్మానం ద్వారా ఏప్రిల్ ఉత్తర్వును ధ్రువీకరించింది.

ఇక యాజమాన్యం. స్తంభించిన ఖాతా యజమాని పేరుమీదే ఉంటుంది. అందులో కొత్తగా సొమ్ము జమ చేయవచ్చు, వడ్డీలూ డివిడెండ్లూ వచ్చి చేరవచ్చు. లైసెన్స్ లేకుండా ఏదీ బయటకు వెళ్లరాదు, అంతే. దరఖాస్తును ఆ ప్రాంతపు ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుకు ఇవ్వాలి, నిర్ణయం ఖజానా శాఖది. ఈ పని కోసం హెన్రీ మోర్గెన్‌థావ్ నాయకత్వంలోని ఆ శాఖలో విదేశీ నిధుల నియంత్రణ విభాగం ఏర్పడింది. దానిని నడిపిన జాన్ పేలీ అనే యువ న్యాయవాదే 1944లో యుద్ధ శరణార్థుల బోర్డుకు తొలి అధిపతి అయ్యారు. పన్నుల చెల్లింపు, బ్యాంకు రుసుములు, ఉన్న షేర్లను అమ్మి వచ్చిన మొత్తాన్ని అదే ఖాతాలో ఉంచడం వంటి మామూలు పనులకు ప్రతిసారీ దరఖాస్తు చేయనక్కరలేకుండా సాధారణ లైసెన్సులు జారీ చేశారు. ఉల్లంఘిస్తే 10,000 డాలర్ల వరకు జరిమానా, 10 ఏళ్ల వరకు జైలు.

ఆక్రమణ ఎటు సాగితే ఉత్తర్వు అటు విస్తరించింది. మే నెలలో నెదర్లాండ్స్, బెల్జియం, లక్సెంబర్గ్, జూన్ 17న ఫ్రాన్స్, జులైలో లాట్వియా, లిథువేనియా, ఎస్టోనియా, ఆపైన బాల్కన్ దేశాలు వచ్చి చేరాయి. దోచుకున్న సెక్యూరిటీలు అమెరికాకు చేరి సొమ్ముగా మారకుండా, బయటి నుంచి వచ్చే సెక్యూరిటీలన్నిటినీ ముందుగా ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుకు అప్పగించాలన్న నిబంధన 1940 జూన్‌లోనే వచ్చింది. జర్మనీ, ఇటలీల వంతు మాత్రం 1941 జూన్ 14 దాకా రాలేదు. ఆ రోజు స్విట్జర్లాండ్, స్వీడన్, స్పెయిన్, పోర్చుగల్ వంటి తటస్థ దేశాలతో సహా ఐరోపా ఖండంలో మిగిలిన దాదాపు అన్ని దేశాలనూ ఒకేసారి చేర్చారు. తటస్థ దేశాల బ్యాంకుల వెనుక దాగి ఉన్న జర్మన్ సొమ్మును వదిలేస్తే జర్మనీని బంధించి ప్రయోజనం లేదని అప్పటికి స్పష్టమైంది. అదే తేదీని ప్రాతిపదికగా తీసుకుని విదేశీయుల ఆస్తులన్నిటి గణన జరిపితే, మొత్తం సుమారు 1,270 కోట్ల డాలర్లుగా తేలింది.

యజమానిని కాపాడటమన్న తొలి ఉద్దేశం ఎంతవరకు నెరవేరిందో చెప్పడానికి రెండు ఉదాహరణలు నాకు ఎప్పుడూ గుర్తుకు వస్తాయి. వాషింగ్టన్‌లోని డెన్మార్క్ రాయబారి హెన్రిక్ కౌఫ్‌మన్, ఆక్రమణలో ఉన్న తన ప్రభుత్వ ఆదేశాలను పాటించనని ప్రకటించి, 1941 ఏప్రిల్‌లో గ్రీన్‌లాండ్ రక్షణ ఒప్పందం మీద సంతకం చేశారు. కోపెన్‌హేగన్ ఆయనను పదవి నుంచి తొలగించినా అమెరికా ఆయననే గుర్తించి, స్తంభించిన డానిష్ నిధులను వాడుకోనిచ్చింది. రెండోది బాల్టిక్ దేశాల కథ. సోవియట్ యూనియన్ వాటిని కలుపుకున్నా అమెరికా ఆ విలీనాన్ని ఎన్నడూ గుర్తించలేదు. దేశమే లేకుండా పోయిన ఆ దౌత్య కార్యాలయాలు, 1940లో స్తంభించిన నిధుల నుంచి లైసెన్స్ మీద విడుదలైన సొమ్ముతో దశాబ్దాల పాటు అమెరికాలో కొనసాగాయి. ఆ ఖాతాలను 1940లో ఎవరికి పడితే వారికి అప్పగించి ఉంటే, ఆ మూడు జెండాలు అక్కడ నిలిచి ఉండేవి కావు.

శాన్‌హోసే_తెలుగు:

పైన చెప్పినదంతా ఐరోపా వైపు కథ. పసిఫిక్ వైపు ఇదే సాధనం చాలా వేరుగా పనిచేసింది. నేను ఉంటున్న కాలిఫోర్నియాలో దాని బరువు మోసినవారు సామాన్యులు కావడం వల్ల ఆ భాగాన్ని విడిగా చెప్పదలచాను.

జపాన్ సేనలు దక్షిణ ఇండోచైనాలోకి కదిలిన తరువాత, 1941 జులై 26న అమెరికా జపాన్ ఆస్తులను స్తంభింపజేసింది. అదే ఉత్తర్వులో చైనా ఆస్తులు కూడా చేరాయి. చియాంగ్ కై-షేక్ ప్రభుత్వమే కోరడం వల్ల, చైనాకు సహాయంగా, ఆ పని చేశారు. బ్రిటన్, నెదర్లాండ్స్ ఈస్ట్ ఇండీస్ కూడా వెంటనే జపాన్ ఆస్తులను స్తంభింపజేశాయి, భారతదేశానికీ అదే వర్తించింది. గమనించవలసింది ఏమిటంటే, అప్పటికి చమురు ఎగుమతి మీద సంపూర్ణ నిషేధమేదీ ప్రకటించలేదు. యుద్ధపూర్వపు పరిమాణాల మేరకు తక్కువ రకం చమురును కొనుక్కునే వీలు కాగితం మీద జపాన్‌కు మిగిలే ఉంది. అయితే కొనాలంటే డాలర్లు చెల్లించాలి, చెల్లించాలంటే స్తంభించిన ఖాతా నుంచి సొమ్ము విడుదల కావాలి, అందుకు లైసెన్స్ కావాలి. విదేశాంగ సహాయ మంత్రి డీన్ ఎచిసన్ సభ్యుడిగా ఉన్న అంతర్‌శాఖా సంఘం ఆ దరఖాస్తులను అంగీకరించలేదు, తిరస్కరించనూ లేదు. వారాల తరబడి అలాగే ఉంచింది. రూజ్‌వెల్ట్ ఆగస్టులో న్యూఫౌండ్‌లాండ్ తీరాన చర్చిల్‌ను కలిసి తిరిగి వచ్చేసరికి జపాన్‌కు చమురు వాస్తవంలో ఆగిపోయి ఉంది. దిగుమతి చేసుకునే చమురులో అత్యధిక భాగం అమెరికా నుంచే తెచ్చుకునే దేశానికి దాని అర్థం ఏమిటో టోక్యోలో అందరికీ తెలుసు. డిసెంబరులో జరిగిన పెర్ల్ హార్బర్ దాడికి జపాన్ సామ్రాజ్య దురాశే మూలకారణమని నేను నమ్ముతాను, దాని భారాన్ని ఒక లైసెన్స్ సంఘం మీదికి నెట్టడం సబబు కాదు. కానీ ఒక దేశాధ్యక్షుడు ప్రకటించని నిషేధాన్ని ఒక దస్త్రం కదలకపోవడం అమలు చేయగలదన్న సంగతి ఈ రంగం గురించి ఆలోచించే ప్రతివారూ గుర్తుంచుకోవాలి.

సామాన్యుల విషయానికి వస్తున్నాను. యోకొహామా స్పీషీ బ్యాంకుకు శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్, సియాటిల్ వంటి నగరాల్లో శాఖలుండేవి. తోటల్లో, చేపల పడవల మీద, చిన్న దుకాణాల్లో పనిచేసి కూడబెట్టుకున్న జపనీస్ వలసదారులు తమ భాషలో మాట్లాడే ఆ బ్యాంకులోనే దాచుకునేవారు. అప్పటి చట్టం ప్రకారం జపాన్‌లో పుట్టినవారికి అమెరికా పౌరసత్వం తీసుకునే హక్కు లేదు. ఆ వివక్ష 1952 దాకా కొనసాగింది. కాబట్టి ముప్ఫై ఏళ్లుగా కాలిఫోర్నియాలో ఉంటున్న రైతు కూడా పెర్ల్ హార్బర్ నాటి సాయంత్రానికి శత్రుదేశ జాతీయుడైపోయాడు. జపనీస్ బ్యాంకుల శాఖలను ఖజానా శాఖ ఆక్రమించి మూసివేసింది. ఖాతాలు స్తంభించినవారికి జీవనానికి నెలకు 100 డాలర్ల వరకు తీసుకునే వెసులుబాటు కొద్ది రోజుల తరువాత వచ్చింది. 1942 ఫిబ్రవరి 19 నాటి ఉత్తర్వు తరువాత సుమారు 1,20,000 మందిని నిర్బంధ శిబిరాలకు తరలించినప్పుడు, పొలాలూ దుకాణాలూ ఎంత తక్కువకు అమ్ముకోవలసి వచ్చినా వారు బేరమాడే స్థితిలో లేకపోవడానికి చేతిలో సొమ్ము ఆడకపోవడం కూడా ఒక కారణం.

స్పీషీ బ్యాంకు ఆస్తులు తరువాత విదేశీ ఆస్తుల కస్టోడియన్ అనే ప్రభుత్వ అధికారి చేతికి వెళ్లాయి. యుద్ధానంతరం డిపాజిటర్లు తమ యెన్ డిపాజిట్ పత్రాలు చూపి సొమ్ము అడిగారు. ఏ మారకపు రేటున ఇవ్వాలన్న దగ్గర వివాదం పుట్టింది. యుద్ధానికి ముందు డాలరుకు సుమారు 4.3 యెన్లు. యుద్ధానంతరపు రేటు 360కి పైన. 1,000 యెన్లు దాచుకున్న మనిషికి పాత రేటున 230 డాలర్లకు పైగా వస్తాయి, కొత్త రేటున మూడు డాలర్లు కూడా రావు. ప్రభుత్వ కార్యాలయం కొత్త రేటునే ఎంచుకుంది. బ్యాంకు ఆస్తులు డాలర్లలో, అమెరికాలో, భద్రంగా ఉన్నప్పటికీ ఈ నిర్ణయం జరిగిందని గమనించండి. కొందరు డిపాజిటర్లు కోర్టుకు వెళ్లి పోరాడాక ప్రభుత్వం పాత రేటుకు దిగివచ్చింది. కానీ గడువులోగా వ్యాజ్యం వేయలేదన్న కారణంతో మరో 4,100 మందిని పక్కన పెట్టింది. మొదటివారి వ్యాజ్యం నడుస్తున్నంత కాలం ఆ గడువు ఆగి ఉన్నట్టేనని 1967 ఏప్రిల్‌లో హోండా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన తరువాతే వారికి దారి దొరికింది. బ్యాంకు మూతపడిన నాటికి నలభై ఏళ్ల వయసున్నవారు అప్పటికి అరవై ఐదు దాటారు. స్తంభన అనేది తాత్కాలికమని చట్టగ్రంథాల్లో చదివినప్పుడల్లా నాకు ఈ కేసు గుర్తుకు వస్తుంది.

విశాఖ_న్యాయవాది:

మిత్రులిద్దరూ చెప్పినదానికి న్యాయపరమైన ఒక ముఖ్యమైన మెట్టును జోడించాలి. లేకపోతే స్తంభింపజేసిన ఖాతా చివరికి కస్టోడియన్ చేతికి ఎలా వెళ్లిందో అర్థం కాదు.

స్తంభనలో హక్కు యజమానిదే, వాడుకునే స్వేచ్ఛ మాత్రం ఆగిపోతుంది. కస్టోడియన్‌కు దఖలు పరచడం అనేది పూర్తిగా వేరే చర్య. ఆ ఉత్తర్వుతో హక్కే ప్రభుత్వానికి మారుతుంది. పెర్ల్ హార్బర్ తరువాత, 1941 డిసెంబరు 18 నాటి మొదటి యుద్ధాధికారాల చట్టం 5(బి) విభాగాన్ని మరోసారి సవరించి, శత్రువులవే కాక ఏ విదేశానికైనా ఏ విదేశీయుడికైనా చెందిన ఆస్తిని దఖలు పరచుకునే అధికారాన్ని అధ్యక్షుడికి ఇచ్చింది. 1942 మార్చి 11న విదేశీ ఆస్తుల కస్టోడియన్ కార్యాలయం ఏర్పడింది, లియో క్రౌలీ దాని అధిపతి. అప్పటి నుంచి నగదు, సెక్యూరిటీలు ప్రధానంగా ఖజానా శాఖ కింద స్తంభించి ఉండగా, కంపెనీలు, పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు, నౌకలు కస్టోడియన్ చేతికి వెళ్లాయి. ఒకే చట్ట విభాగం కింద ఒకే యుద్ధంలో ఒకరి సొమ్ము భద్రంగా దాగి, మరొకరిది పూర్తిగా పోయింది.

ఈ తేడాను స్పష్టంగా చూపేది జనరల్ ఎనిలిన్ అండ్ ఫిల్మ్ కంపెనీ వ్యవహారం. రంగులూ ఫొటో ఫిల్మూ తయారుచేసే ఈ అమెరికన్ కంపెనీ నిజానికి జర్మన్ రసాయన దిగ్గజం ఐజీ ఫార్బెన్‌దని ప్రభుత్వం వాదించింది. కాగితాల ప్రకారం షేర్లు బాసెల్‌లోని ఒక స్విస్ కంపెనీవి. 1942 ఫిబ్రవరిలో ఆ షేర్లను దఖలు పరచుకున్నారు. తరువాత ఇంటర్‌హాండెల్ అని పేరు మార్చుకున్న ఆ స్విస్ కంపెనీ, తమకు ఫార్బెన్‌తో సంబంధం 1940లోనే తెగిపోయిందని చెబుతూ 1948లో దావా వేసింది. స్విట్జర్లాండ్ ప్రభుత్వం ఈ వివాదాన్ని హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకువెళ్లగా, అమెరికా కోర్టుల్లో ఉన్న మార్గాలు ఇంకా ముగియలేదన్న కారణంతో 1959 మార్చి 21న ఆ కేసును స్వీకరించడానికి నిరాకరించారు. చివరికి 1963లో రాజీ కుదిరింది. 1965లో కంపెనీని అమ్మితే సుమారు 32.9 కోట్ల డాలర్లు వచ్చాయి, అందులో పెద్ద వాటా అమెరికా ప్రభుత్వానికీ మిగిలింది స్విస్ కంపెనీకీ దక్కాయి. అసలు యజమాని ఎవరన్న ప్రశ్నకు ఏ కోర్టూ తుది జవాబు చెప్పకుండానే ఆస్తి పంపకం పూర్తయింది.

గోదావరి_చదువరి గారు అడిగిన చివరి ప్రశ్నకు, సొమ్ము తిరిగి వెళ్లిందా అన్నదానికి, జవాబు యజమాని దేశాన్ని బట్టి మారుతుంది. ఫ్రాన్స్, నెదర్లాండ్స్, నార్వే వంటి విముక్త దేశాల వారి ఖాతాలు, వాటిలో శత్రువుకు ప్రయోజనమేదీ లేదని ఆయా ప్రభుత్వాలు ధ్రువపత్రం ఇచ్చిన మీదట విడుదలయ్యాయి. స్విట్జర్లాండ్‌తో మాత్రం చిక్కు వచ్చింది. న్యూయార్క్‌లో స్విస్ బ్యాంకుల పేరున ఉన్న పెద్ద ఖాతాల వెనుక ఏ ఖాతాదారు ఉన్నాడో చెప్పడానికి వారి బ్యాంకు రహస్య చట్టం ఒప్పుకోదు. 1946 మే నెలలో వాషింగ్టన్‌లో కుదిరిన ఒప్పందం తరువాతే అక్కడి ధ్రువీకరణ దారిన పడింది. జర్మనీ, జపాన్ జాతీయుల నుంచి దఖలైన ఆస్తులను తిరిగి ఇవ్వరాదని 1948 నాటి యుద్ధ పరిహారాల చట్టం నిర్దేశించింది. వాటిని అమ్మగా వచ్చిన సొమ్ము, శత్రు శిబిరాల్లో మగ్గిన అమెరికన్ యుద్ధఖైదీల వంటివారికి పరిహారంగా వెళ్లింది. ఇక్కడ బాధాకరమైన విషయం ఒకటుంది. హిట్లర్ ప్రభుత్వం హింసించిన జర్మన్ యూదుల ఖాతాలు కూడా జర్మన్ జాతీయుల ఖాతాలుగానే ఈ వలలో పడ్డాయి. బతికి బయటపడినవారు తిరిగి పొందడానికి చట్టం తరువాత దారి ఇచ్చింది. వారసులు కూడా మిగలని కుటుంబాల ఆస్తులకు బదులుగా, 1963లో అమెరికా ప్రభుత్వం ఒక యూదు వారసత్వ సంస్థకు 5 లక్షల డాలర్లు ఒకేసారి చెల్లించి ఆ పద్దు మూసివేసింది. అంత తక్కువ మొత్తంతో సరిపెట్టడం న్యాయమని నేను ఎంతమాత్రం అనుకోను.

గోదావరి_చదువరి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. చెక్ బంగారం ఉదంతం చదివాక మొదటి సందేహం పూర్తిగా తీరింది. ఒక అనుబంధ ప్రశ్న. నిజాం పేరున లండన్ బ్యాంకులో డెబ్భై ఏళ్లు చిక్కుకుపోయిన సొమ్ము కూడా ఇటువంటి స్తంభనేనా? మన దేశంలో చేసిన శత్రు ఆస్తుల చట్టం ఈ అమెరికన్ పద్ధతిలో దేనికి దగ్గరగా ఉంది?

చార్మినార్_దస్త్రం:

నిజాం నిధి ఈ కోవలోకి రాదు. పోలీసు చర్య ముగిసిన మూడు రోజులకు, 1948 సెప్టెంబరు 20న, వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోని సుమారు 10 లక్షల పౌండ్లను హైదరాబాద్ సంస్థాన ప్రతినిధి ఒకరు లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతులా పేరిట బదిలీ చేశారు. ఆ బదిలీ తన అనుమతి లేకుండా జరిగిందని, సొమ్ము తిరిగి ఇమ్మని ఏడో నిజాం కోరారు. బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు. అక్కడ బ్రిటిష్ ప్రభుత్వం జారీ చేసిన స్తంభన ఉత్తర్వు ఏదీ లేదు. ఒక దేశాన్ని మరో దేశపు కోర్టు విచారించరాదన్న సార్వభౌమ రక్షణను పాకిస్తాన్ అడ్డం పెట్టుకోవడంతో, 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ నిజాం వ్యాజ్యాన్ని నిలిపివేసింది, సొమ్ము అలాగే ఉండిపోయింది. 2013లో పాకిస్తాన్ తానే దావా వేసి ఆ రక్షణను వదులుకోవడంతో మళ్లీ విచారణకు వీలు కలిగింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు తీర్పు నిజాం వారసులకూ భారతదేశానికీ అనుకూలంగా వచ్చింది, అప్పటికి మొత్తం సుమారు 3.5 కోట్ల పౌండ్లకు పెరిగింది. యజమాని ఎవరన్నది తేల్చుకునే అవకాశం అక్కడ కోర్టులో మిగిలి ఉండటమే ఆ సొమ్మును కాపాడింది.

మన శత్రు ఆస్తుల చట్టంలో తరువాత మూసివేసినది సరిగ్గా ఆ అవకాశాన్నే. 1962లో చైనాతో, 1965లో, 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధాల సమయంలో భారత రక్షణ నిబంధనల కింద ఆయా దేశాల జాతీయుల భూములు, ఇళ్లు, షేర్లు, బ్యాంకు నిల్వలు ముంబయిలో కార్యాలయం ఉన్న కస్టోడియన్‌కు దఖలయ్యాయి. 1968 నాటి చట్టం ఆ ఏర్పాటును యుద్ధం తరువాత కూడా కొనసాగించింది. తొలి దశలో దీనిని అమెరికా స్తంభనకు కాస్త దగ్గరగా చూడవచ్చు. కస్టోడియన్ సంరక్షకుడు మాత్రమేనని, యాజమాన్యం అతడిది కాదని కోర్టులు భావించాయి. మహమూదాబాద్ రాజా కేసులో 2005 అక్టోబరు 21న సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. తండ్రి 1957లో పాకిస్తాన్ పౌరుడయ్యారు, 1973లో లండన్‌లో మరణించారు. భారత పౌరుడిగానే ఉన్న కుమారుడికి ఆ ఆస్తులు చెందుతాయని తీర్పు వచ్చింది.

దానిని దాటడానికి 2010లో ఒక ఆర్డినెన్స్, 2016 జనవరి నుంచి వరుసగా ఐదు ఆర్డినెన్సులు వచ్చాయి, చివరికి 2017 మార్చిలో సవరణ చట్టం అయింది. దాని ప్రకారం శత్రువు వారసుడు భారత పౌరుడైనా శత్రువు నిర్వచనంలోకే వస్తాడు, వారసత్వ చట్టాలు ఈ ఆస్తులకు వర్తించవు, సివిల్ కోర్టులకు ఈ వివాదాల మీద అధికారం లేదు, ఇదంతా 1968 నుంచే అమలులో ఉన్నట్టు భావించాలి. దేశ రక్షణ అవసరాలను నేను తక్కువ చేయడం లేదు. కానీ కోర్టులో గెలిచిన పౌరుడి హక్కును వెనక తేదీతో రద్దు చేయడం, పైన చెప్పిన హోండా కేసులో అమెరికా సుప్రీంకోర్టు చూపిన దృష్టికి సరిగ్గా విరుద్ధమని నా నిశ్చితాభిప్రాయం.

ఈ ఆస్తులలో అత్యధికం ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లలో ఉన్నా, హైదరాబాద్ చుట్టుపక్కల కూడా కస్టోడియన్ జాబితాలోని భూములు ఉన్నాయి. ఇక్కడ భూమి కొనేవారు పత్రాలు పరిశీలించేటప్పుడు ఈ కోణం కూడా చూసుకోవడం మంచిది, ఎందుకంటే మధ్యలో ఎన్ని చేతులు మారినా దఖలు ఉత్తర్వుదే పైచేయి. షేర్ల విషయంలో అమ్మకం ఇప్పటికే మొదలైంది. 996 కంపెనీలలో 20,323 మంది వాటాదారుల పేరున ఉన్న సుమారు 6.5 కోట్ల షేర్లను అమ్మడానికి 2018 నవంబరులో కేంద్ర మంత్రివర్గం అనుమతించింది. 2019 ఏప్రిల్‌లో ఒక్క విప్రో షేర్ల అమ్మకం వల్లనే సుమారు 1,150 కోట్ల రూపాయలు వచ్చాయి.

తిరిగి ఇచ్చే మార్గాన్ని రెండు దేశాలూ ఒకసారి కాగితం మీద ఒప్పుకున్నాయి. 1966 జనవరి 10 నాటి తాష్కెంట్ ప్రకటన ఎనిమిదో అంశంలో, ఘర్షణ సందర్భంగా ఇరుపక్షాలూ స్వాధీనం చేసుకున్న ఆస్తులను తిరిగి ఇచ్చే విషయమై చర్చలు కొనసాగించాలని ఉంది. ఆ చర్చలు ఫలించలేదు. పాకిస్తాన్ తన దగ్గర ఉన్న భారతీయుల ఆస్తులన్నిటినీ 1971లోనే అమ్మివేసిందని మన ప్రభుత్వం చెబుతోంది, ఇప్పుడు ఇక్కడి షేర్ల అమ్మకానికి చూపుతున్న కారణాలలో అదీ ఒకటి.